క్లోమం దగ్గరికి రెండు దారులు

ఈ నెల చదివిన పుస్తకం పాతది. వైద్యశాస్త్ర చరిత్రలో నెస్టోరియన్ క్రైస్తవులకూ ముస్లిములకూ ఉన్న పాత్రను చెప్పే గ్రంథం. 1967లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ప్రచురించింది. అప్పటికి రచయిత కన్నుమూసి నాలుగేళ్ళయింది. ఆయన పేరు ఆలెన్ విపుల్. చరిత్ర చదివేవారికి ఆ పేరు అంతగా తెలియకపోవచ్చు గానీ, ఆపరేషన్ థియేటర్లో పనిచేసేవారికి అది రోజూ నోట్లో నానే పేరు. క్లోమగ్రంథి తలభాగంలో పుట్టే కేన్సర్‌కు చేసే పెద్ద శస్త్రచికిత్సను ఆయన పేరుతోనే పిలుస్తాం. నేను ఇండియాలో పనిచేసిన రోజుల్లో మా వార్డు ఆయా దాన్ని 'విపుల ఆపరేషన్' అనేది. ఆ కోత పొడవు చూసినవాళ్ళెవరూ ఆమెను సరిదిద్దలేదు.

విపుల్ అమెరికన్ మిషనరీల బిడ్డ. 1881లో ఇరాన్‌లోని ఉరుమియాలో పుట్టాడు. నేనుండే అబూధాబీకి ఇరాన్ ఒక సముద్రం అవతల. న్యూయార్కులో పేరు ప్రఖ్యాతులు గడించిన శస్త్రవైద్యుడు చివరి సంవత్సరాలలో తన బాల్యం గడిచిన నేల వైపు తిరిగి, గ్రీకు వైద్యం సిరియాక్ భాష మీదుగా అరబ్బీలోకి, అక్కడినుంచి ఐరోపాకు ఎలా నడిచి వెళ్ళిందో రాసుకున్నాడు. మన సుశ్రుతసంహిత కూడా అబ్బాసీ ఖలీఫాల కాలంలో బాగ్దాదు చేరి అరబ్బీ అయింది. పదో శతాబ్దంలో కార్డోబా దగ్గర అల్-జహ్రావీ తన 'అల్-తస్రీఫ్' చివరి భాగంలో శస్త్రపరికరాల బొమ్మలు గీశాడు. పరికరాన్ని బట్టి వైద్యుడా, వైద్యుణ్ణి బట్టి పరికరమా అన్న తగవు అప్పటినుంచీ ఉండే ఉంటుంది. ఈ పుస్తకం చదువుతున్నప్పుడే ఆ తగవు నా ఎదుట మరో రూపంలో వచ్చి కూర్చుంది. అందుకే ఇది పుస్తక సమీక్షగా మొదలై దారి తప్పుతోంది. పాఠకులు మన్నించాలి.

ముందు అవయవం పేరు. 'క్లోమం' అని బడిపుస్తకాల్లో చదువుకున్నాం. ఆయుర్వేద గ్రంథాల్లోని క్లోమం ఏ అవయవమో ఇప్పటికీ పండితులు తేల్చుకోలేదు. ఒకరు ఊపిరితిత్తి అంటారు, ఒకరు పిత్తాశయం అంటారు, ఇంకొకరు ఇదే అంటారు. దప్పికకు మూలస్థానం అని చరకుడు చెప్పిన మాట చూసి, మధుమేహంలో ఆగని దాహం గుర్తొచ్చి, నాకు మూడో పక్షం వైపే మనసు లాగుతుంది. అది వైద్యుడి మోజే గాని పాండిత్యం కాదు. గ్రీకులు 'అంతా మాంసమే' అనే అర్థంలో పాంక్రియాస్ అన్నారు. అరబ్బీలో 'ప' లేదు కనుక ఇక్కడి నర్సులు, రోగులు 'బంక్రియాస్' అంటారు. ఆ మాట అంటున్నప్పుడు ఏ భాషవాడైనా గొంతు కాస్త తగ్గించడం గమనించాను.

తగ్గించడానికి కారణముంది. జీర్ణాశయం వెనుక, వెన్నెముకను ఆనుకుని, జానెడు కన్నా తక్కువ పొడవుతో అడ్డంగా పడుకుని ఉంటుంది. తలభాగాన్ని ఆంత్రమూలం చుట్టి పట్టుకుంటుంది. పిత్తనాళం దానిలోంచే పోతుంది. పేగుల నుంచి రక్తం తెచ్చే పెద్ద సిర దాని మెడ కిందుగా ప్రవహిస్తుంది. తలను తీయాలంటే దానితోపాటు ఆంత్రమూలం, పిత్తనాళంలో కొంత, పిత్తాశయం, తరచు జీర్ణాశయపు చివరి భాగం తీయాలి. తీసిన తరువాత మూడు చోట్ల కుట్టి అతకాలి. అన్నిటికన్నా కష్టం మిగిలిన క్లోమాన్ని పేగుకు కుట్టడం. దాని నాళం రెండు మూడు మిల్లీమీటర్లు. గ్రంథి మెత్తగా ఉంటే సూది దూరిన చోటే చీలుతుంది. అందులోంచి వచ్చే రసం మాంసాన్ని అరిగించే రసం. అతుకు కారితే కడుపులో మనల్ని మనమే జీర్ణం చేసుకోవడం మొదలవుతుంది.

1935లో విపుల్ తన ఇద్దరు సహచరులతో కలిసి ముగ్గురు రోగుల కథ ప్రచురించాడు. అంతకు ముందే 1898లో ఇటలీలో కోడివిల్లా, 1909లో బెర్లిన్‌లో కౌష్ ఈ దారిలో నడిచారు. విపుల్ మొదటి రోగి బతకలేదు. అప్పట్లో కుట్లకు వాడే క్యాట్‌గట్ దారం గొర్రె పేగులతో చేసేది. క్లోమరసం దాన్ని కరిగించేసింది. తరువాత ఆయన పట్టుదారానికి మారాడు. ఈ ఒక్క వాక్యం నాకెప్పుడూ ఆశ్చర్యమే: ఒక శతాబ్దపు శస్త్రచికిత్స పట్టుపురుగు కక్కిన పోగు మీద నిలబడింది. 1940లో, జీర్ణాశయ కేన్సర్ అనుకుని కడుపు తెరిచి, లోపల వేరొకటి కనబడి, రెండు విడతలుగా చేసే పనిని ఒక్క విడతలో ముగించాడు. జీవితం మొత్తం మీద ఆయన చేసిన ఈ ఆపరేషన్లు 37. ఈ సంఖ్య గుర్తుంచుకోండి, మళ్ళీ పనిపడుతుంది.

ఆ తరువాత చాలా ఏళ్ళు ఈ ఆపరేషన్ రోగులను బతికించినంతగా చంపింది కూడా. అసలు చేయకూడదనే వాదం నిజాయితీగానే నడిచింది. జాతకం మార్చినది కొత్త కత్తి కాదు, ఒకే చోట పదేపదే చేయడం. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో జాన్ కామెరాన్ 145 మందికి వరుసగా ఒక్క మరణమూ లేకుండా చేసి 1993లో ప్రకటించాడు. 2006 నాటికి తన వెయ్యి ఆపరేషన్ల అనుభవాన్ని రాశాడు. 2002లో అమెరికా ఆసుపత్రుల లెక్కలు తీసిన బిర్క్‌మయర్ బృందం తేల్చినది ఇంకా సూటిగా ఉంది: క్లోమశస్త్రచికిత్సలు అతి తక్కువ చేసే ఆసుపత్రుల్లో నూటికి 16.3 మంది చనిపోతే, అతి ఎక్కువ చేసే చోట 3.8 మంది. అదే దేశం, అదే దారం, అదే పాఠ్యపుస్తకం.

మా ఎమిరేట్స్‌కూ ఈ కథలో భాగముంది. హాప్కిన్స్‌లో 2012లో తెరిచిన పెద్ద భవనానికి షేక్ జాయెద్ పేరు. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ కేన్సర్ కేంద్రానికి 2011లో ఖలీఫా బిన్ జాయెద్ సంస్థ ఇచ్చిన 15 కోట్ల డాలర్లలో కొంత క్లోమ కేన్సర్ పరిశోధనకే కేటాయించారు. ఆ కేంద్రం షేక్ అహ్మద్ బిన్ జాయెద్ పేరు మీద ఉంది.

నేను శస్త్రవైద్యుణ్ణి కాదు, మత్తు ఇచ్చేవాణ్ణి. రోగి తలవైపు నా స్టూలు. అక్కడినుంచి రెండు పద్ధతులూ చూశాను, చూస్తున్నాను. శస్త్రవైద్యులకు తమ పద్ధతి మీద మమకారం సహజం. నా మమకారమంతా మానిటర్ మీది గీతలతో.

ఓపెన్ పద్ధతిలో పక్కటెముకల కిందుగా గానీ, నడిమధ్యన గానీ పొడవాటి కోత. ముందుగా వెన్నులో సన్నటి ఎపిడ్యూరల్ గొట్టం పెడతాను, లేచాక ఊపిరి తీసుకోవడానికి నొప్పి అడ్డుపడకుండా. తెరిచిన తరువాత థియేటర్లో మాటలుంటాయి, కొందరు పాటలు కూడా పెట్టుకుంటారు. క్లోమం మెడకు, కింది సిరకు మధ్య దారి చేసే సమయంలో ఎవరో చెప్పినట్టు అన్నీ ఆగిపోతాయి. శస్త్రవైద్యుడి కళ్ళు చూడవు, వేలు చూస్తుంది. గడ్డ సిరను అంటుకుందా, పక్కన ఆనుకుని ఉందా అన్నది ఆయన వేలికొసకు తెలుస్తుంది. రక్తం చిమ్మితే మరో వేలు అక్కడ నొక్కుతుంది. నేను రెండు సీసాల రక్తం తెప్పిస్తాను. ఎవరూ కేకలు వెయ్యరు.

రోబో పద్ధతిలో రోగి కడుపులోకి బొగ్గుపులుసు వాయువు నింపి గుమ్మటంలా ఎత్తుతారు. తలవైపు ఎత్తి బల్లను వంచుతారు. యంత్రం తన చేతులను ఆ చిన్న రంధ్రాల్లోకి దించిన తరువాత రోగి నాకు దాదాపు కనబడడు. ముఖం మీద ఇనుపచేతులు, నోట్లోని గొట్టాన్ని ముట్టుకోవాలంటే వంగి దూరాలి. శస్త్రవైద్యుడు నాలుగడుగుల అవతల కన్సోల్లో తల దూర్చి, బూట్లు విప్పి, కాళ్ళతో మీటలు నొక్కుతూ కూర్చుంటాడు. ఆయన గొంతు స్పీకర్లోంచి వస్తుంది. తెర మీద మాత్రం నేను ముప్పయ్యేళ్ళలో చూడనిది కనబడుతుంది: పది రెట్లు పెద్దదిగా, లోతుతో సహా, ఆ మూడు మిల్లీమీటర్ల నాళం వంటింటి పంపు గొట్టమంత. మణికట్టు కన్నా ఎక్కువ తిరిగే మణికట్టు, వణుకు లేని సూది. మెత్తటి క్లోమానికి కుట్టు వేస్తుంటే నాకు మా ఊళ్ళో ముత్యాల పని చేసే ముసలాయన గుర్తొస్తాడు.

'రోబో' అన్న మాట మాత్రం జనాన్ని తప్పుదారి పట్టించింది. 1920లో కారెల్ చాపెక్ తన నాటకం కోసం వాడుకలోకి తెచ్చిన మాట, వెట్టిచాకిరి అనే చెక్ పదం నుంచి పుట్టింది. ఆపరేషన్ చేసే ఈ యంత్రం తనంతట తాను ఒక్క కుట్టు కూడా వెయ్యదు. మన తోలుబొమ్మలాటలో తెర వెనుక కూర్చున్న ఆటగాడి చేతిలో బొమ్మ ఎంత స్వతంత్రమో ఇదీ అంతే. తేడా ఒకటే. బొమ్మలాడించేవాడికి పుల్ల చివర బరువు తెలుస్తుంది. ఇన్నాళ్ళూ వాడుకలో ఉన్న రోబోల్లో కన్సోల్లోని చేతికి కణజాలపు బిగువు తెలియదు. కంటితోనే తాకాలి. 2024లో అమెరికా అనుమతి పొందిన కొత్త డావిన్చీలో స్పర్శ కొంత తిరిగి వచ్చింది.

మరి ఏది మేలు? ఈ ప్రశ్నకు అంకెలున్నాయి గానీ అవి ఒకే మాట చెప్పవు. కోయంబత్తూరులో పళనివేలు బృందం 64 మంది మీద చేసిన పరీక్షలో రంధ్రాల ద్వారా, అంటే లాపరోస్కోపీతో చేసినవారు ఏడో రోజుకే ఇల్లు చేరారు, కోతవారికి పదమూడు రోజులు పట్టింది. 2017 నాటి ఆ ఫలితం చూసి అందరం ఉత్సాహపడ్డాం. రెండేళ్ళకు నెదర్లాండ్స్ నుంచి లెపర్డ్-2 పరీక్ష వచ్చింది. అదే లాపరోస్కోపీ, 99 మంది రోగులు. తొంభై రోజుల్లో రంధ్రాలవైపు 50 మందిలో 5గురు, కోతవైపు 49 మందిలో ఒకరు ఆపరేషన్ ఇబ్బందులతో మరణించారు. పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఆ శస్త్రవైద్యులేమీ కొత్తవాళ్ళు కాదు, ఒక్కొక్కరు అంతకు ముందు కనీసం ఇరవై చేసినవాళ్ళే. ఇరవై చాలలేదన్నమాట.

రోబో సంగతి వచ్చేసరికి 2024లో రెండు పరీక్షలు వెలువడ్డాయి. చైనాలో 160కి పైగా రోగులతో చేసినదానిలో రోబోవారు 11 రోజులకు, కోతవారు 13.5 రోజులకు ఇంటికెళ్ళారు. జర్మనీలో హైడెల్‌బర్గ్‌వారి యూరోపా పరీక్షలో, 62 మందిని లెక్కలోకి తీసుకుంటే, మొత్తం ఇబ్బందుల భారం రెండువైపులా ఇంచుమించు సమానం. జీర్ణాశయం మొరాయించడం, ఖర్చు మాత్రం రోబోవైపు ఎక్కువ. మనిషిని ఇంటికి పంపే రోజు ఆసుపత్రి అలవాటును బట్టి కూడా మారుతుందని ఇన్ని దేశాలవాళ్ళతో పనిచేసిన నాకు తెలుసు. అందుకే రెండున్నర రోజుల తేడాను నేను నెత్తిన పెట్టుకోను, తీసిపారెయ్యను.

ఈ కాగితాలన్నిటిలో నాకు ముఖ్యమనిపించేది పిట్స్‌బర్గ్ నుంచి 2015లో వచ్చినది. తమ మొదటి 200 రోబో విపుల్ ఆపరేషన్లను వరసగా పేర్చి చూసుకున్నారు. రక్తస్రావం తగ్గి, మధ్యలో కడుపు కోయాల్సిన అవసరం తగ్గడానికి 20 ఆపరేషన్లు పట్టాయి. క్లోమపు అతుకు కారడం తగ్గడానికి 40. సమయం నిలకడకు రావడానికి 80. ఇప్పుడు విపుల్‌గారి 37ను పక్కన పెట్టి చూడండి. ఆ ఆపరేషన్‌కు పేరిచ్చినవాడే ఈ లెక్కన నేర్చుకునే దశ దాటలేదు. పిట్స్‌బర్గ్‌వారు తమ శిష్యులకు ముందు కృత్రిమ కణజాలం మీద కుట్లు వేయించి, వాటికి మార్కులు వేసి, తరువాతే రోగి దగ్గరికి రానిచ్చారు. సుశ్రుతుడు బూడిదగుమ్మడి, సొరకాయ, పుచ్చకాయ, దోసకాయల మీద కోతలు, తామరకాడల మీద సిరావేధం అభ్యాసం చేయించమన్నది ఇదే. దాన్ని మనవాళ్ళు సభల్లో గర్వంగా చెప్పుకుంటారు. శిష్యుడు ఎన్ని సొరకాయలు కోశాడని మాత్రం అడగరు.

ఈ మధ్య ఇద్దరు తెలుగువారు దాదాపు ఒకే కాలంలో ఇదే జబ్బుతో నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆనవాళ్ళు పట్టుకోలేనంతగా మార్చి రాస్తున్నాను. ఒకరు లెక్కల నిపుణులు, పాతికేళ్ళుగా ఇక్కడున్నవారు. మా సాహిత్య సమావేశాలకు వచ్చే పెద్దమనిషి, నేను అన్నగారూ అని పిలుస్తాను. స్టీవ్ జాబ్స్ మీద ఐజాక్సన్ రాసిన జీవితచరిత్రలో గుర్తులు పెట్టుకుని మరీ వచ్చారు. జాబ్స్‌ది వేరే జాతి గడ్డ అనీ, నిదానంగా పెరిగేదనీ, అయినా ఆయన 2003 అక్టోబరు నుంచి తొమ్మిది నెలలు ఆపరేషన్ వాయిదా వేసి పశ్చాత్తాపపడ్డాడనీ చెప్పాను. అన్నగారికి వాయిదా ఆలోచన లేదు. ఆయన పట్టుదల రోబో మీద. "ఇంత దూరం వచ్చి, ఇంత బీమా కట్టి, మళ్ళీ మా నాన్నగారికి కోసినట్టు కోయించుకోమంటావా?" అన్నారు. రోబో కాదని అనలేదు నేను. శస్త్రవైద్యుణ్ణి అడగవలసినవి మూడు ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చాను. ఆయన మొదటిది మాత్రమే అడిగారట: మీరు ఇప్పటికి ఎన్ని చేశారు? వచ్చిన జవాబు తృప్తికరమైనదే.

ఆపరేషన్ అయిదు గంటలు సాఫీగా నడిచాక సిర పక్కన గడ్డ అంటుకుందని తేలింది. ఆ శస్త్రవైద్యుడు కన్సోల్ నుంచి లేచి, చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని కడుపు తెరిచాడు. యంత్రపు చేతులను వెనక్కి తీసే అభ్యాసం మేం ముందే చేసి ఉంచుతాం. అది నిమిషాల పని. సిరలో ముక్క కోసి కుట్టి, గడ్డను శుభ్రంగా తీశాడు. బయట అన్నగారి భార్యకు ఈ మాట చెప్పగానే ఆవిడ ముఖం వాడిపోయింది. "రోబో వల్ల కాలేదా బాబూ?" అన్నారు. అన్నగారికీ మెలకువ వచ్చాక అదే దిగులు, మోసపోయినట్టు. నాకు ఆ రోజంతటిలో నచ్చిన ఘడియ ఆ శస్త్రవైద్యుడు కుర్చీలోంచి లేచిన ఘడియే. లేవడం తెలియని చేతిలో ఆ యంత్రం నాకు భయం. అయితే ఇది వారికి ఆ పూట చెప్పదగిన మాట కాదు కనుక, గడ్డ పూర్తిగా వచ్చేసిందని మాత్రం చెప్పాను.

ఇక్కడ ఈ దేశపు పరిస్థితి ఒకటి చెప్పాలి. కోటి జనాభా ఉన్న దేశంలో ఎక్కువమంది పని వయసులోని వలసజీవులు. క్లోమ కేన్సర్ పెద్ద వయసు జబ్బు. అంటే రోగులు తక్కువ, ఆసుపత్రులు చాలా, కొనగల శక్తి ఇంకా చాలా. ఉన్న కొద్దిమంది రోగులు అన్ని థియేటర్ల మధ్య చెదిరిపోతే ఏ చేతికీ ఆ 80 పూర్తి కావు. బిర్క్‌మయర్ లెక్కలో 16.3కు, 3.8కు మధ్య ఉన్నది ఈ చెదరడమే. యంత్రాన్ని ప్రకటనలో చూపించవచ్చు, కూడబెట్టిన అనుభవానికి ఫొటో రాదు. ఏ పద్ధతైనా సరే, ఈ ఆపరేషన్‌ను రెండు మూడు చోట్లకే పరిమితం చేయాలని నా అభిప్రాయం. తోటి వైద్యులు కొందరు దీనికి నా మీద అలిగారు కూడా.

రెండో మనిషి జగిత్యాల వైపువాడు, తాపీమేస్త్రీ, యాభై నిండలేదు. పచ్చకామెర్లని పసరుమందు కోసం ఊరికి ఫోన్ చేసుకుంటూ రెండు వారాలు గడిపి, ఒళ్ళంతా దురదతో ఎమర్జెన్సీకి వచ్చాడు. నాళంలో స్టెంట్ వేసి కామెర్లు తగ్గించారు. అతడూ అదే అడిగాడు: "మిషను తోటి చేస్తరా సార్, కోసి చేస్తరా?" అతని బీమా కార్డుకు రోబో మాట అందదు. హైదరాబాదులో ఏటా ఈ ఆపరేషన్లు లెక్కకు మిక్కిలిగా చేసే చోటికి వెళ్ళమన్నాను. ఆరోగ్యశ్రీ జాబితాలో విపుల్ ఆపరేషన్ ఉంది. కోసి చేశారు, చక్కగా చేశారు. ఎప్పటికప్పుడు డ్రెయిన్ సీసాకు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవాడు. సీసాలో రంగు చూసి నేను నిద్రపోయేవాణ్ణి.

గడ్డ తీసినంత మాత్రాన ఈ జబ్బు వదలదు. 2018లో ఫ్రాన్సు, కెనడాల నుంచి వచ్చిన పరీక్షలో, ఆపరేషన్ తరువాత నాలుగు మందులు కలిపి ఆరు నెలలు ఇచ్చినవారిలో సగం మంది 54.4 నెలలు దాటారు. పాత మందు ఒక్కటే ఇచ్చినవారిలో ఆ హద్దు 35 నెలలు. కోత పెద్దదా చిన్నదా అన్నదాని వల్ల ఇంత తేడా ఎవరూ చూపలేదు. చిన్న రంధ్రాలతో త్వరగా కోలుకుంటే ఈ మందులు వేళకు మొదలవుతాయన్న ఆశ మాత్రం ఉంది. అన్నగారికీ, మేస్త్రీకీ ఇద్దరికీ ఆ ఆరు నెలల మందులే.

ఆరు నెలలకు ఇక్కడ ఇంకో అర్థముంది. ఈ దేశం విడిచి 180 రోజులు బయట ఉంటే మామూలుగా నివాస వీసా చెల్లిపోతుంది. మేస్త్రీ ఆ రోజులు లెక్కపెడుతున్నాడని నాకు ఆలస్యంగా తెలిసింది. కీమో విడతకూ విడతకూ రెండు వారాలు. "నడుమ ఒక్కపారి వచ్చి పోతె వీసా నిలుస్తదా సార్?" అని అడిగి, నేను వద్దు అనేలోపే టికెట్ ఫొటో పంపాడు. ఆసుపత్రి క్యాంటీన్లో కలిశాం. సగం బరువు తగ్గిపోయినట్టున్నాడు, కళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. చొక్కా ఎత్తి చూపించాడు. దగ్గమన్నాను. బొడ్డు పైన కోత నడుమ నిమ్మకాయంత ఉబ్బు లేచింది. పొడవాటి కోతల్లో కొన్నిటికి వచ్చే హెర్నియా.

కుర్చీలో కూర్చుని పద్దులు రాసే అన్నగారికి పొట్ట మీద కోత ఎంతుంటేనేం. యాభై కిలోల సిమెంటు బస్తా ఎత్తే మనిషికి పొట్ట గోడే పెట్టుబడి. చిన్న రంధ్రాల మేలు నిజంగా ఎవరికి దక్కాలో ఏ పరీక్షలోనూ ఎవరూ అడిగినట్టు నాకు గుర్తులేదు. బస్తాలు ఎత్తకూడదని చెప్పాను. "మరి నాకు అచ్చిన పని అదే గద సార్" అన్నాడు, కోపం లేకుండా. అతనికి స్టోర్‌లో గానీ గేటు దగ్గర గానీ తేలిక పని ఇవ్వమని అతని కంపెనీ పీఆర్వోకు ఇంగ్లీషులో ఒకటి, అరబ్బీలో ఒకటి ఉత్తరాలు రాసి ఇచ్చాను. నాలుగో రోజు తిరిగి విమానమెక్కాడు. ఇంకా అయిదు విడతల మందు మిగిలి ఉంది. ఉత్తరానికి జవాబు రాలేదు.